ఆనర్స్ బ్యాచ్‌కి వేరే గది ఇవ్వాలా?

ఆనర్స్ అనే మాట మన బీటెక్ రూల్ బుక్కుల్లోకి గట్టిగా వచ్చింది 2018 తర్వాతే. ఆ సంవత్సరం ఏఐసీటీఈ కొత్త మోడల్ కరిక్యులం ఇచ్చింది. మామూలు డిగ్రీకి 160 క్రెడిట్లు. వాటి మీద ఇంకో 20 దాకా అదనంగా పూర్తి చేస్తే సర్టిఫికెట్ మీద ఆనర్స్ అని పడుతుంది. సీజీపీఏ ఎంత ఉండాలి, ఎప్పుడు అప్లై చేయాలి, ఆ కోర్సులు ఆన్‌లైన్‌లో చేయొచ్చా లేదా అన్నవి యూనివర్సిటీని బట్టి, అటానమస్ కాలేజీని బట్టి మారుతుంటాయి. ఇది మన ఇంజనీరింగ్ వాళ్ల గొడవ మాత్రమే కాదు. నాలుగేళ్ల డిగ్రీల కోసం యూజీసీ 2022లో ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్‌లోనూ ఇలాంటిదే ఉంది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆ పైన తెచ్చుకున్నవాళ్లు నాలుగో ఏడాది 'ఆనర్స్ విత్ రీసెర్చ్' తీసుకోవచ్చు.

ఇక్కడిదాకా అంతా క్రెడిట్ల లెక్కే. గదుల గురించి, ల్యాబుల గురించి అందులో ఏమీ లేదు. కానీ ఒక బ్యాచ్‌కి పేరంటూ పెట్టాక తర్వాతి ప్రశ్న దానంతట అదే వస్తుంది: మరి వీళ్లకు స్పెషల్‌గా ఏమిద్దాం?

మన దగ్గరికీ ఆ ప్రశ్న వచ్చింది. రీడింగ్ హాల్ పక్కన ఉన్న చిన్న హాలును ఆనర్స్ వాళ్లకే ఇచ్చి, జీపీయూ సిస్టమ్స్ కూడా అందులోకే మార్చాలన్న ప్రతిపాదన మీద అభిప్రాయాలు అడుగుతున్నారు. మన క్లాస్ గ్రూప్‌లో రెండు రోజులు ఇదే కొట్లాట. "వాళ్లు ఎక్స్‌ట్రా సబ్జెక్టులు చదువుతున్నరు, కష్టపడేటోళ్లకు ఇవ్వాలె కదా" అని సగం మంది. "ఫీజు అందరం ఒక్కటే కడుతున్నం కదా భయ్" అని మిగతా సగం. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది కాబట్టి స్టిక్కర్ల యుద్ధంతో అది తేలేది కాదు. ఇలాంటివి ఇంతకుముందు ఎక్కడ చేశారు, ఎలా చేశారు అని చదవడం మొదలుపెడితే, మొదటి జవాబు మన జిల్లాలోనే దొరికింది. పాత నల్లగొండ జిల్లా అనుకోండి.

చౌటుప్పల్ దాటి లోపలికి వెళ్తే సంస్థాన్ నారాయణపురం మండలంలో సర్వేల్ అనే ఊరు ఉంది. ఇప్పుడది యాదాద్రి భువనగిరి జిల్లా. 1971 నవంబర్‌లో, పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, రాష్ట్రంలో మొదటి గురుకుల పాఠశాల అక్కడ మొదలైంది. అప్పటికి ఆయన ముఖ్యమంత్రి అయ్యి రెండు నెలలే. మరుసటి ఏడాది కోస్తాలో తాడికొండ, రాయలసీమలో కొడిగెనహళ్లి వచ్చాయి. అంటే ప్రాంతానికొకటి అన్నమాట.

ఐడియా సింపుల్. పల్లెటూళ్లలో బాగా చదివే పేదింటి పిల్లల్ని పరీక్ష పెట్టి ఎంచుకో. తిండి, బట్టలు, పుస్తకాలు, ఉండే చోటు అన్నీ ప్రభుత్వమే ఇవ్వు. టీచర్లు కూడా అదే ఆవరణలో ఉండాలి. పొద్దున పీటీ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా పిల్లలు వాళ్ల కళ్లముందే ఉంటారు.

దీన్ని 'తెలివైన పిల్లలకు ప్రత్యేక వసతి' అని ఒక్క లైన్‌లో చెప్పేయొచ్చు. కానీ ఆ రోజుల్లో ఇక్కడి ఊళ్లు ఎలా ఉండేవో గుర్తు పెట్టుకుంటేనే అసలు విషయం తెలుస్తుంది. నల్లగొండ అంటే ఫ్లోరైడ్ నీళ్లు. మహబూబ్‌నగర్ అంటే వలస. పాలమూరు కూలీలు దేశంలో ఎక్కడ పెద్ద ప్రాజెక్టు కడుతుంటే అక్కడికి పోయేవాళ్లు, పిల్లల్నీ వెంట తీసుకుపోయేవాళ్లు. అలాంటి ఇంట్లో లెక్కలు బాగా వచ్చే పిల్లాడుంటే వాడికి తక్కువైంది తెలివి కాదు. రాత్రి చదువుకోవడానికి దీపం, కూర్చోవడానికి జాగా, ఏడాదంతా ఒకే బడిలో ఉండే వీలు, డౌట్ వస్తే అడగడానికి ఒక మనిషి. సర్వేల్ ఇచ్చింది అవే. అక్కడి బిల్డింగ్ మార్కులు తెచ్చుకున్నందుకు ఇచ్చిన ప్రైజ్ కాదు. ఇంట్లో లేని వాటిని ఒకచోట చేర్చి పెట్టిన జాగా. ఆ బడిలో చదివిన ఎం. మహేందర్‌రెడ్డి తర్వాత తెలంగాణ డీజీపీ అయ్యారు. ఆఫీసర్లు, డాక్టర్లు అయినవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు.

పీవీ ఆ ఐడియాను ఢిల్లీకి కూడా తీసుకెళ్లారు. రాజీవ్‌గాంధీ ప్రభుత్వంలో మానవ వనరుల మంత్రిగా ఉన్నప్పుడు వచ్చిన 1986 జాతీయ విద్యా విధానంలోనే జిల్లాకొక నవోదయ అన్న ఆలోచన ఉంది. మన రెండు జిల్లాలకూ ఒక్కొక్కటి వచ్చింది. నల్లగొండది చలకుర్తిలో, మహబూబ్‌నగర్‌ది వట్టెంలో. జిల్లాలు విడగొట్టాక వట్టెం నాగర్‌కర్నూల్‌లోకి పోయింది. ఆరో తరగతికి పరీక్ష, కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకు, మూడో వంతు సీట్లు ఆడపిల్లలకు. తొమ్మిదో తరగతికి వచ్చాక కొంతమంది పిల్లల్ని ఒక ఏడాది హిందీ రాష్ట్రాల నవోదయకు పంపించి, అక్కడివాళ్లను ఇక్కడికి తీసుకొస్తారు. మా వీధిలో ఒక అన్న అలాగే వెళ్లొచ్చాడు. సెలవులకు వచ్చినప్పుడు మాతో కావాలనే హిందీలో మాట్లాడేవాడు. మేం అప్పుడు ఇంగ్లీష్ మీడియంలో టై కట్టుకుని తిరుగుతూ మేమే గొప్ప అనుకునేవాళ్లం. సరే, అది వదిలేయండి.

ఇదే వరుసలో మూడోది మనందరికీ తెలిసిన ట్రిపుల్ ఐటీ, అంటే ఆర్‌జీయూకేటీ. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో పెట్టారు. ఎంట్రన్స్ లేదు, పదో తరగతి మార్కులతోనే సీటు, ఆరేళ్ల చదువు, మొదటి రోజు నుంచే క్యాంపస్‌లో ఉండాలి. 2025లో మహబూబ్‌నగర్‌లో కూడా క్యాంపస్ మొదలైంది. అడ్మిషన్ రూల్స్‌లో ఒక చిన్న లైన్ ఉండేది, నాకు మాత్రం మొత్తం స్కీమ్‌లో అదే ముఖ్యమైన లైన్ అనిపిస్తుంది: ప్రభుత్వ, జిల్లా పరిషత్ బడుల్లో చదివినవాళ్ల జీపీఏకి 0.4 కలిపేవాళ్లు. పెద్ద స్కూల్లో వచ్చిన 10కీ, టీచర్ పోస్టు ఖాళీగా ఉన్న ఊరి బడిలో వచ్చిన 9.6కీ తేడా లేదని ఒప్పుకోవడమే ఆ 0.4. మార్కులు ఎక్కడి నుంచి వచ్చాయో చూడకుండా మార్కుల్ని చదవొద్దు అని రూల్‌లోనే రాసేశారు.

మూడింటిలోనూ ఒక పోలిక కనిపిస్తుంది. వసతి ఎక్కువ అవసరమున్నవాళ్లకే వసతి వెళ్లింది. ఇంకోటి కూడా ఉంది, తొందరగా కంటికి ఆనదు: ఆ బిల్డింగులన్నీ కొత్తగా కట్టినవి. ఊరి బడిలో ఉన్న బెంచీలు తీసి సర్వేల్‌కి పంపలేదు. ఊరి బడికి నష్టమే జరగలేదా అంటే జరిగింది, క్లాసులో బాగా చదివే ఒక పిల్లాడు వెళ్లిపోయాడు. అది చిన్న నష్టం కాదు. పక్కన కూర్చున్నవాడికి లెక్క చెప్పే ఫ్రెండ్ లేకుండా పోయాడు. గురుకులాల మీద ఉన్న విమర్శల్లో నాకు బలంగా అనిపించింది ఇదే. కానీ కనీసం మిగిలిన పిల్లల కుర్చీ మాత్రం తీసుకోలేదు.

కాలేజీలో ఆనర్స్ గది అంటే లెక్క మారుతుంది. ఇక్కడ అందరం ఒకే క్యాంపస్, ఒకే మెస్, ఒకే వైఫై (ఉన్నప్పుడు). కొత్తగా ఏదీ కట్టకుండా, ఉన్న హాలుకి తాళం మారిస్తే దాని అర్థం వేరు. అప్పుడు ఒకరికి ఇచ్చిన ప్రతి సీటూ ఇంకొకరి దగ్గర తీసుకున్నదే.

ఆనర్స్ వాళ్ల కోసం పూర్తిగా వేరే క్యాంపస్ కట్టిన చోట్లు కూడా ఉన్నాయి. అమెరికాలో చాలా ఉన్నాయి. మన సీనియర్లు ఎంఎస్‌కి ఎక్కువగా వెళ్లే అరిజోనా స్టేట్ యూనివర్సిటీ తీసుకోండి. అక్కడ 1988లో మొదలైన ఆనర్స్ కాలేజీ ఉంది, పేరు బారెట్. ఇంటెల్ సీఈఓగా చేసిన క్రెయిగ్ బారెట్, ఆయన భార్య బార్బరా పెద్ద విరాళం ఇచ్చారు కాబట్టి ఆ పేరు. 2009లో టెంపీ క్యాంపస్‌లోనే దానికోసం 9 ఎకరాల్లో వేరే కాంప్లెక్స్ కట్టారు. దాదాపు 1,700 మంది ఉండే హాస్టళ్లు, వాళ్లదే డైనింగ్ హాల్, క్లాసులు, టీచర్ల ఆఫీసులు, అన్నీ అందులోనే. పెద్ద యూనివర్సిటీ లోపల చిన్న కాలేజీ అన్నమాట. వేలమంది ఉండే చోట పేరుపెట్టి పిలిచే టీచర్ దొరకడం దాని వెనకున్న ఆలోచన. అది మంచి ఆలోచనే. కానీ ఆ మోడల్‌ని మనం కాపీ కొట్టాలంటే ముందు క్రెయిగ్ బారెట్ కావాలి.

దానికి పూర్తిగా రివర్స్ మోడల్ కూడా అమెరికాలోనే ఉంది, ఇంకా పాతది. పెన్సిల్వేనియాలో స్వార్త్‌మోర్ అనే చిన్న కాలేజీ. దాని ప్రెసిడెంట్ ఫ్రాంక్ ఐడెలాట్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చినవాడు. 1922లో ఆనర్స్ ప్రోగ్రామ్ మొదలుపెట్టాడు. దానికి వేరే బిల్డింగ్ అవసరం పడలేదు. కొద్దిమంది స్టూడెంట్స్, ఒక టీచర్ కూర్చుని గంటల తరబడి చర్చించే సెమినార్లు, చివర్లో బయటి యూనివర్సిటీల నుంచి వచ్చి పరీక్ష పెట్టే ఎగ్జామినర్లు. పాఠం చెప్పినవాడే మార్కులు వేయడు. అందుకని టీచర్, స్టూడెంట్ ఇద్దరూ ఒకే పక్షం అవుతారు, అవతలి పక్షం ఎగ్జామినర్. వందేళ్లు దాటినా ఇప్పటికీ నడుస్తోంది. డబ్బులు ఖర్చు పెట్టింది సిమెంట్ మీద కాదు, టీచర్ టైమ్ మీద.

మన దగ్గరే కావాలంటే గచ్చిబౌలిలో చూడొచ్చు. 1998లో మొదలైన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో (బాసర ట్రిపుల్ ఐటీ వేరు, ఇది వేరు, ఇంట్లోవాళ్లకు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది) బీటెక్ ఆనర్స్ అంటే ఏదో ఒక రీసెర్చ్ సెంటర్‌లో చేరి ఒక ప్రొఫెసర్ దగ్గర పని చేయడం. భాషల టెక్నాలజీ, కంప్యూటర్ విజన్, రోబోటిక్స్, ఎవరికి ఏది నచ్చితే అది. అక్కడ ఆనర్స్ స్టూడెంట్‌కి దొరికే అసలు వసతి ల్యాబ్‌లో పీహెచ్‌డీ అన్నల, అక్కల పక్కన కూర్చోవడం. కోడ్ ఎందుకు పేలిందో పక్కకు తిరిగి అడిగేంత దగ్గర. ఆనర్స్ వాళ్లను ఒక గదిలో పెట్టి తలుపేయడానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. వాళ్లకంటే ఎక్కువ తెలిసినవాళ్ల మధ్యలోకి తోయడం.

ఇప్పుడు జీపీయూల సంగతి. ఇక్కడ మన సిలబస్ పనికొస్తుంది, ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో సీపీయూ షెడ్యూలింగ్ చదివినప్పుడు ఇలా వాడతానని అనుకోలేదు.

ఉదాహరణకు నాలుగు జీపీయూ సిస్టమ్స్ ఉన్నాయనుకోండి. ఇవి నిజం లెక్కలు కావు, ఊరికే అనుకుందాం. 20 మంది ఆనర్స్, 300 మంది మిగతావాళ్లు. మొదటి పద్ధతి: రెండు సిస్టమ్స్ ఆనర్స్‌కి, రెండు మిగతావాళ్లకి, మధ్యలో గోడ. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆనర్స్ వాళ్లకు మిడ్స్ ఉన్న వారం ఆ రెండూ ఖాళీగా ఉంటాయి, గోడకి ఇటుపక్క ప్రాజెక్ట్ సబ్మిషన్ కోసం లైన్ ఉంటుంది. ఇంకో వారం సరిగ్గా ఉల్టా. రెండు వైపులా ఒకేసారి రద్దీ ఉన్నప్పుడు తప్ప ఎక్కడో ఒక సిస్టమ్ ఊరికే ఉంటుంది. ఒక లైన్‌ని రెండు లైన్లుగా చీల్చి, కౌంటర్లను పంచేస్తే మొత్తం మీద ఎదురుచూపు పెరుగుతుందని క్యూయింగ్ థియరీ చెప్తుంది. రేషన్ షాపు ముందు నిలబడ్డవాళ్లకు థియరీ అక్కర్లేదు.

రెండో పద్ధతి ప్రయారిటీ. నాలుగు సిస్టమ్స్ అందరివీ, కానీ ఆనర్స్ వాళ్ల జాబ్ వస్తే అదే ముందు. సిస్టమ్ ఖాళీగా ఉండదు, కానీ కొత్త రోగం వస్తుంది. పై ప్రయారిటీ జాబ్స్ వస్తూనే ఉంటే కింద ఉన్నవాడి వంతు ఎప్పటికీ రాదు. దాని పేరే స్టార్వేషన్. మనం చదివే గాల్విన్ టెక్స్ట్‌బుక్‌లో ఒక కథ ఉంది, వాళ్లే పుకారు అని రాశారు. ఎంఐటీలో ఐబీఎమ్ 7094 మెషీన్‌ని 1973లో ఆపేసినప్పుడు చూస్తే, 1967లో ఎవరో ఇచ్చిన తక్కువ ప్రయారిటీ ప్రాసెస్ ఒకటి ఇంకా వంతు కోసం ఎదురుచూస్తూనే ఉందట. నిజమో కాదో గానీ, మూడో సంవత్సరం మినీ ప్రాజెక్ట్ చేసేవాళ్లకు అది తమ కథలాగే ఉంటుంది. దీనికి మందు కూడా అదే చాప్టర్‌లో ఉంది: ఏజింగ్. ఎంతసేపు ఆగితే అంత ప్రయారిటీ పెరగాలి. కొంతసేపటికి ఎవరి జాబ్ అయినా పైకి రావాల్సిందే.

మూడోది మనకు ఆర్టీసీ బస్సులో చిన్నప్పటి నుంచీ తెలుసు. మహిళలకు కేటాయించిన సీట్లు. దేవరకొండ బస్సులో ఆ సీట్లు ఖాళీగా ఉంటే మగవాళ్లు కూర్చుంటారు. ఒక ఆమె ఎక్కితే లేస్తారు (లేవాలి, కొంతమందికి అప్పుడే నిద్ర ముంచుకొస్తుంది). సీటు ఖాళీగా పోదు, ఎవరికి కేటాయించారో వాళ్ల హక్కూ పోదు. కంప్యూటర్ భాషలో దీన్ని ప్రీఎంప్షన్ అంటారు. పెద్ద పెద్ద క్లస్టర్లను నడిపే స్లర్మ్ అనే ఓపెన్ సోర్స్ టూల్‌లో ఇది సెట్టింగ్‌గానే ఉంది. గెస్ట్‌గా వచ్చినవాడి జాబ్ నడుస్తుంటుంది, ఓనర్ జాబ్ రాగానే ఇది ఆగి మళ్లీ లైన్‌లోకి వెళ్తుంది. ఎవరు ఈ నెలలో ఎంత వాడుకున్నారో చూసి, ఎక్కువ వాడినవాడిని కొంచెం వెనక్కి జరిపే ఫెయిర్‌షేర్ కూడా అందులో ఉంది. మనం చేయాల్సిందల్లా ట్రైనింగ్ మధ్యలో చెక్‌పాయింట్ సేవ్ చేసుకోవడం. అది ఎలాగూ చేయాలి, కరెంట్ పోతే ఎవరిని అడుగుతాం?

గదికి కూడా ఇదే లాజిక్ పెట్టొచ్చు. సాయంత్రం రెండు గంటలు ఆనర్స్ సెమినార్ అని బోర్డు పెట్టండి, ఆ రెండు గంటలూ హాలు వాళ్లదే. మిగతా టైమ్‌లో తలుపు తీసే ఉండాలి. తాళం చెవి ఒక బ్యాచ్ దగ్గర ఉండటం, టైమ్‌టేబుల్ తలుపు మీద ఉండటం ఒకటి కాదు.

"కానీ బాగా చదివేవాళ్లంతా ఒకచోట ఉంటే ఒకరిని చూసి ఒకరు ఇంకా బాగా చదువుతారు కదా" అని గ్రూప్‌లో ఒకరు రాశారు. ఇంటర్‌లో మనలో చాలామంది చూసిందే ఇది. ర్యాంకుల బ్యాచ్‌కి వేరే ఫ్లోర్, మంచి లెక్చరర్లు అటు, మిగతా సెక్షన్లకు అప్పుడే చేరిన సార్లు. దీని మీద రెండు పరిశోధనలు చదివాను, రెండూ రెండు వైపులకు లాగుతాయి.

ఒకటి బోస్టన్, న్యూయార్క్ నగరాల్లో పరీక్ష పెట్టి తీసుకునే పేరున్న ప్రభుత్వ స్కూళ్ల మీద. చేసినవాళ్లలో జాషువా ఆంగ్రిస్ట్ ఒకరు, 2021లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది ఆయనకే. 2014లో వచ్చిన ఆ పేపర్ చేసిన ట్రిక్ చాలా బాగుంటుంది. కటాఫ్‌కి ఒక్క మార్కు పైన ఉండి సీటు వచ్చినవాళ్లనీ, ఒక్క మార్కు కింద ఉండి రానివాళ్లనీ పోల్చారు. ఒక మార్కు తేడాలో తెలివి తేడా ఏముంటుంది? ఇద్దరూ ఒకటే, ఒకరు మాత్రం లోపలికి వెళ్లారు. కొన్నేళ్ల తర్వాత చూస్తే ఇద్దరి స్కోర్లలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. పక్కన తెలివైనవాళ్లు కూర్చున్నంత మాత్రాన పెరిగింది దాదాపు ఏమీ లేదన్నమాట. ఆ స్కూళ్ల నుంచి గొప్పవాళ్లు వస్తున్నది గొప్పగా చదివేవాళ్లనే ఏరుకుంటున్నందుకు కావచ్చు.

రెండోది కెన్యాలో, 121 ప్రైమరీ స్కూళ్లలో. ఎస్తేర్ డుఫ్లో, పాస్కలిన్ డుపా, మైకేల్ క్రెమర్ 2011లో అచ్చువేశారు. కొన్ని స్కూళ్లలో ఒకటో తరగతి పిల్లల్ని మార్కుల ప్రకారం రెండు సెక్షన్లు చేశారు, మిగతా వాటిలో కలిపేసి లాటరీ తీశారు. మార్కుల ప్రకారం విడగొట్టిన చోట పై సెక్షన్ బాగుపడింది, కింది సెక్షన్ కూడా బాగుపడింది. నేను ఊహించింది ఇది కాదు. వాళ్లు చెప్పే కారణం ఏంటంటే, క్లాసులో అందరూ ఒకే లెవెల్‌లో ఉంటే టీచర్ ఆ లెవెల్‌కి తగ్గట్టు పాఠం చెప్పగలిగాడు. మన ర్యాంకుల బ్యాచ్‌కి, దీనికి తేడా కూడా అక్కడే ఉంది. అక్కడ సెక్షన్లకు టీచర్లను లాటరీతో పంచారు, మంచి టీచర్ పైవాళ్లకే అని పెట్టలేదు. విడగొట్టడం వేరు, విడగొట్టి ఒకవైపు నుంచి తీసి ఇంకోవైపు పెట్టడం వేరు.

ఇవి స్కూల్ పిల్లల మీద చేసినవి, కాలేజీకి అచ్చంగా అతకవు. అయినా మన సీజీపీఏ కటాఫ్ గురించి ఆలోచించేటప్పుడు ఆ ఒక్క మార్కు ట్రిక్ మాత్రం నన్ను వదల్లేదు. కటాఫ్ 8.0 అని పెడితే 7.9 ఉన్నవాళ్లు గది బయట. 7.9కీ 8.0కీ మధ్య ఉండేది ఒక్కోసారి ఒక ల్యాబ్ ఇంటర్నల్. ఒక్కోసారి ఒక బస్సు.

బస్సు అని ఊరికే అనలేదు. మన క్లాసులో డే స్కాలర్స్ ఎంతమందో లెక్కపెట్టండి. మిర్యాలగూడ, నకిరేకల్, హాలియా వైపు వెళ్లేవాళ్లు సాయంత్రం కాలేజీ బస్ ఎక్కాల్సిందే. అది మిస్ అయితే ఆటో, తర్వాత ఆర్టీసీ, ఇంటికి చేరేసరికి రాత్రి. అదే టైమ్‌కి ల్యాబులు ఖాళీ అవుతాయి, జీపీయూలు దొరుకుతాయి, హాస్టల్ అబ్బాయిలు వచ్చి కూర్చుంటారు. ఇక గర్ల్స్ హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారో అమ్మాయిలను అడగండి, చెప్తారు. ల్యాబ్ రాత్రి పదకొండు దాకా తెరిచి ఉంచుతాం అని ప్రకటిస్తే, పేపర్ మీద అది అందరికీ ఇచ్చిన వసతి. నిజంగా వాడుకునేది బాయ్స్ హాస్టల్ ఒక్కటే. ఏడాది తర్వాత వాళ్ల ప్రాజెక్టులు బాగుంటాయి, గ్రేడ్లు బాగుంటాయి, ఆనర్స్‌కి అర్హత వస్తుంది. అప్పుడు ఆ గది కూడా వాళ్లకే.

అందుకే అభిప్రాయాల ఫారంలో గది కావాలా వద్దా అన్న ప్రశ్న దగ్గర నేను టిక్ పెట్టలేదు, పక్కన రాశాను. జీపీయూలను ఏ గదిలోనూ దాచొద్దు, లాగిన్ ఇవ్వండి. మిర్యాలగూడలో ఇంట్లో కూర్చున్న అమ్మాయి కూడా రాత్రి జాబ్ పెట్టి పొద్దున రిజల్ట్ చూసుకోవాలి. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ఉన్నా సరిపోతుంది, లెక్క నడిచేది కాలేజీ మెషీన్ మీద కదా. ప్రయారిటీ ఆనర్స్ వాళ్లకే ఇవ్వండి, అభ్యంతరం లేదు, వాళ్లకు నిజంగానే ఎక్స్‌ట్రా కోర్సులు ఉన్నాయి. కానీ ఏజింగ్ పెట్టండి, ఎవరి జాబ్ అయినా ఒక రోజు కంటే ఎక్కువ ఆగకూడదు. హాల్‌లో వారానికి రెండు సెమినార్లు పెట్టండి, లంచ్ తర్వాతి పీరియడ్‌లో, బస్సులు కదలకముందే. ఆనర్స్ వాళ్లు ముందు వరసలో కూర్చుంటారు, వెనక వరసలో ఎవరైనా కూర్చోవచ్చు. ఎవరికి ఎంట్రీ అన్నది తేల్చేటప్పుడు సీజీపీఏ ఒక్కటే కాకుండా ఒక ఫ్యాకల్టీ సంతకంతో ప్రాజెక్ట్ ప్రపోజల్‌ను కూడా లెక్కలోకి తీసుకోండి, బాసర వాళ్ల 0.4 లాగా.

ఫారంలో పక్కన రాయడానికి ఇచ్చిన జాగా రెండు లైన్లే. నేను వెనక పేజీ కూడా వాడుకున్నాను. మీకూ చెప్పాల్సింది ఉంటే వెనక పేజీ ఖాళీగానే ఉంది, ఇంకో పది రోజుల టైమ్ కూడా ఉంది. డే స్కాలర్స్ మాత్రం ఫారం పొద్దున్నే తీసుకోండి, సాయంత్రం కౌంటర్ తెరిచేసరికి మీ బస్సు వెళ్లిపోతుంది.